కాలేజీ కంప్యూటర్ల టెండరులో కాంగో ఖనిజాల షరతు అడగాలా? (తిరుపతి)

కపిలతీర్థం (చర్చ పెట్టినది)
తిరుపతి విద్యార్థి సంఘాలు కొన్ని కలిసి కాలేజీలకు వినతిపత్రం ఇవ్వబోతున్నాయి. కోరేది ఒక్కటే: ఇకపై కొనే కంప్యూటర్లలోని తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం ఏ శుద్ధి కర్మాగారాల్లోంచి వచ్చాయో అమ్మేవాళ్లు జాబితా ఇవ్వాలి. తూర్పు కాంగోలోని రుబయా కోల్టన్ (టాంటలం తీసే ఖనిజం) గనులు 2024 ఏప్రిల్‌లో ఎం23 తిరుగుబాటుదారుల చేతికి పోయాయి. అక్కడి పన్నుల మీదే నెలకు 8 లక్షల డాలర్లు వాళ్లకు ముడుతున్నాయని ఐక్యరాజ్యసమితి నిపుణులు ఆ ఏడాదే లెక్కగట్టారు. మన దేశంలో దీనికి చట్టం లేదు, కాబట్టి కొనేవాళ్లే అడగాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీని మీద 2010లోనే కదిలింది.

బోర్డు డాక్టరు
జాబితాలెందుకన్నా? టాంటలం కెపాసిటర్ (బోర్డు మీద కరెంటును కాస్త నిల్వ ఉంచే చిన్న భాగం) లేని బోర్డు కావాలని రాయండి, అయిపోతుంది. పసుపురంగు ఇటుకముక్కలా ఉండి ఒక చివర గీత ఉంటుంది చూడండి, అదే. దాని చోట సిరామిక్, పాలిమర్ అల్యూమినియం వచ్చేసినాయి. పైగా టాంటలం మొండిది. అందులో గీత ఉన్న వైపు పాజిటివ్. మామూలు ఎలక్ట్రోలిటిక్‌లో గీత నెగటివ్. తికమకపడి తిప్పి అతికిస్తే షార్టయి మంట లేస్తుంది. సరిగ్గా పెట్టినా పాత రకాన్ని రాసిన వోల్టేజీలో సగం దాటనివ్వకూడదు.

నీరెండ
సిరామిక్ అంత తేలిక కాదు. చిన్న సైజు ఎక్స్5ఆర్ రకం సిరామిక్‌కు నిల్వ సామర్థ్యం 22 మైక్రోఫారడ్ అని రాసుంటుంది. రాసిన వోల్టేజీకి దగ్గరగా డీసీ ఇస్తే అందులో సగం కూడా మిగలకపోవచ్చు. టాంటలం విలువ అలా పడిపోదు.

బోర్డు డాక్టరు
రెండు పక్కపక్కన వేస్తే సరి.

నీరెండ
బోర్డు మీద చోటుంటే కదా.

పాకాల బస్సు
బ్యాటరీలో కోబాల్ట్ కూడా కాంగోదే కదప్పా, దాని మాటేంది?

రేణిగుంట గేటు
కెపాసిటర్ పట్టుకుని వేలాడొద్దు. టాంటలం మొత్తం తీసేసినా తగరం ఎక్కడికీ పోదు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడే సీసం లేని సోల్డర్‌లో 96.5 శాతం తగరమే, మిగిలింది 3 శాతం వెండి, అర శాతం రాగి. బోర్డు మీద ప్రతి అతుకూ అదే.

జాబితా సంగతికి వస్తాను. అమ్మేవాళ్లు ఇచ్చేది సీఎంఆర్‌టీ అనే ఎక్సెల్ షీటు, ఈ నాలుగు ఖనిజాల వివరాలు నింపే ఫారం. డిక్లరేషన్ పేజీలో పైనే ‘పరిధి’ గడి ఉంటుంది. అక్కడ ‘కంపెనీ మొత్తం’ అని ఉంటే ఆ కంపెనీ సరుకులన్నిటికీ కలిపి ఒకే జాబితా ఇస్తారు. మీ ల్యాబ్‌లోని యంత్రంలో ఏముందో దాన్నుంచి తేలదు. ‘ఉత్పత్తి’ అని నింపి, మోడల్ నంబరు రాయమనాలి. తర్వాత కర్మాగారాల పేజీలో ప్రతి వరసకూ సీఐడీతో మొదలయ్యే నంబరు ఉందా, ఆ నంబరు ఆర్‌ఎంఐ (కర్మాగారాలను ఆడిట్ చేయించే కంపెనీల కూటమి) ఆడిట్ జాబితాలో ఈరోజుకీ ఉందా చూడాలి. షీటు తేదీ, వెర్షన్ కూడా. కోబాల్ట్, అభ్రకం ఇందులో రావు, వాటికి ఈఎంఆర్‌టీ అనే షీటు వేరే ఉంది. గూడూరు అభ్రకాన్ని పక్కనే పెట్టుకున్న మనం రెండోదీ అడగాలి.

ఇంకోటి, స్టాన్‌ఫర్డ్ తీర్మానం కంపెనీల్లో వాటాదారుగా తన ఓటు గురించి. కొనుగోలు షరతు కాదు. వినతిపత్రంలో తప్పు రాయొద్దు.

తాతయ్యగుంట
ఇదంతా కాగితమే. గని దగ్గర మూటకు ట్యాగ్ కట్టే ఐటీఎస్‌సీఐ పద్ధతి చూడండి. ఖాళీ ట్యాగులు చేతులు మారితే దొంగ సరుకూ మంచి సరుకైపోతుంది. 2022లో ఆర్‌ఎంఐయే దాన్ని తన గుర్తింపులోంచి తీసేసింది. 2010 సెప్టెంబరులో అప్పటి కాంగో అధ్యక్షుడు కబిలా తూర్పున ఉత్తర, దక్షిణ కివూ, మనియేమా రాష్ట్రాల్లో తవ్వకాలు నిషేధించినాడు, 2011 మార్చి దాకా. తుపాకీ ఉన్నోళ్లు ఆగలేదు, పార పట్టినోళ్లకే తిండి పోయింది. 2010లోనే అమెరికాలో డాడ్-ఫ్రాంక్ చట్టం 1502 సెక్షన్ వచ్చింది, తమ సరుకులో కాంగో ప్రాంతపు ఖనిజాలున్నాయేమో కంపెనీలు చెప్పాలని. దాని భయానికి చాలామంది కొనుగోలుదారులు ఆ ప్రాంతాన్నే వదిలేసినారు. 2014లో 70 మంది పరిశోధకులు, కార్యకర్తలు బహిరంగ లేఖ రాసి మొత్తుకున్నది దీని గురించే.

కపిలతీర్థం
అంటే చేతులు కట్టుకుని కూర్చోమంటారు! బుకావులో పన్జీ ఆసుపత్రి నడిపే డాక్టర్ డెనిస్ ముక్వేగె, ఆ యుద్ధంలో అత్యాచారాలకు గురైన ఆడవాళ్లకు వైద్యం చేసే మనిషి, 2018 నోబెల్ వేదిక మీదే ఫోన్లలోని ఖనిజాల గురించి మాట్లాడారు. ఆయనకు తెలియని కాంగో మీకు తెలుసా?

తాతయ్యగుంట
ఆయన్ను అడ్డం పెట్టుకోకండి. శేషాచలం కింద ఉండే మనకు ఇది వేరే చెప్పాలా? ఎర్రచందనం మీద ఎన్ని కేసులు, ఎన్ని నిషేధాలు! 2015 ఏప్రిల్ 7న అడవిలో కాల్పుల్లో పోయిన 20 మందీ ఎవరు? చెట్టు నరికే పనికి వచ్చారన్న కూలోళ్లు. దుంగలు కొన్నోడు ఒక్కడున్నాడా అందులో? మీ షరతు దెబ్బ కూడా గోతిలో దిగినోడి మీదే పడుతుంది.

కపిలతీర్థం
మేం ‘కాంగో వద్దు’ అనలేదు. జాబితా మాత్రమే అడిగాం.

తాతయ్యగుంట
జాబితా అడిగితే అమ్మేవాడు కాంగో సరుకు తగలని జాబితా తెస్తాడు. వాడికి అదే తేలిక. మీ ల్యాబ్‌కు మంచి పేరొస్తుంది, రుబయాలో ఏం మారుతుంది? నా గొడవంతా అదే, మొదటినుంచీ.

పాకాల బస్సు
ఈ మాట ముందే చెప్పింటే సగం పోట్లాట తప్పేది.

రేణిగుంట గేటు
తాతయ్యగుంట అన్నది న్యాయం. ఫెయిర్‌ఫోన్ అనే ఫోన్ల కంపెనీ వాళ్లు కాంగో నుంచి పారిపోకుండా అక్కడి తగరం, టాంటలమే వెతికి కొన్నారు. షరతు ఇలా రాయండి: “సరఫరా చేసిన 60 రోజుల్లో ఉత్పత్తి పరిధితో సీఎంఆర్‌టీ, ఈఎంఆర్‌టీ ఇవ్వాలి. కాంగో ఖనిజం ఉందన్న కారణంతో ఏ బిడ్డునూ తిరస్కరించం. ఉంటే, గని నుంచి కర్మాగారం దాకా ఏ తనిఖీ చేశారో రాయాలి.” అర్హత షరతుగా మాత్రం పెట్టొద్దు. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొనే సంస్థలైతే పోటీని తగ్గించే షరతులు, విదేశీ సర్టిఫికెట్ల పట్టుదల చెల్లవంటారు, మొత్తం బిడ్డే ఆగిపోవచ్చు. సరఫరా తర్వాత ఇచ్చే పత్రంగా పెడితే నిలబడుతుంది.

కపిలతీర్థం
60 కాదు, 30. బిల్లు చెల్లించాక ఎవరూ పత్రాలు ఇవ్వరు. చివరి 5 శాతం షీటు వచ్చాకే ఇవ్వాలని కూడా చేరుస్తాం.

తాతయ్యగుంట
‘తిరస్కరించం’ అన్న వాక్యం మొదట రావాలి. అది ఉంటే నా సంతకం ఉంటుంది.