బియ్యం నిండుకున్నాయి, మోచి తెరుచుకుంది

మొన్న మన గ్రూపులో ‘నిండుకోవడం’ మీద మంచి చర్చ నడిచింది. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం, దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటాం, మంగళసూత్రం తెగితే ‘పెరిగింది’ అంటాం. ఇలాంటి అలవాటు వేరే భాషల్లో ఉందా అని ఒకరు అడిగారు. జపనీస్‌లో ఉంది. అదీ చలికాలం పండగల్లో బాగా వినిపిస్తుంది. కొన్నేళ్ళు జర్మనీలో ఉండి ఈ డిసెంబర్‌లోనే మళ్ళీ టోక్యో వచ్చేశాం. ఈసారి ఒక్క పండగ కూడా వదలకూడదని ఇంటిల్లిపాదీ అనుకున్నాం కాబట్టి, ఆ మాటలన్నీ తాజాగా చెవిలో ఉన్నాయి.

కొత్త సంవత్సరానికి ఇక్కడ ఇళ్ళలో ‘కగామి మోచి’ పెడతారు. కగామి అంటే అద్దం. పాతకాలపు గుండ్రటి కంచు అద్దంలా ఉంటుందని ఆ పేరు. బియ్యప్పిండి ముద్దలు కావవి. జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, రోట్లో వేసి దంచి చేసిన తెల్లటి బిళ్ళలు. పెద్దదాని మీద చిన్నది, దాని మీద ‘దైదై’ అనే నారింజ రకం పండు పెడతారు. ‘దైదై’ అంటే తరతరాలు అని కూడా అర్థం వస్తుంది, అందుకే ఆ పండు. ఈ మోచిని డిసెంబర్ 29న పెట్టరు. తొమ్మిదిని ‘కు’ అంటారు, కష్టానికీ అదే మాట. పోనీ 31న పెడదామంటే, ఒక్క రాత్రి ముందు హడావిడిగా పెట్టడం చావు ఇంటి ఏర్పాట్లలా ఉంటుందని అదీ వద్దంటారు. మేం 28న పెట్టాం.

అసలు మాట జనవరి 11న వస్తుంది. ఆరోజు దేవుడికి పెట్టిన ఆ మోచిని దించి తినాలి. అప్పటికి అది ఎండిపోయి, పైనంతా బీటలు పడి, రాయిలా ఉంటుంది. చాకుతో కోయకూడదు. సమురాయ్ ఇళ్ళలో కవచం ముందు మోచి పెట్టేవారట, దాన్ని కత్తితో కోస్తే కడుపు కోసుకోవడం (సమురాయ్‌లు ప్రాణం తీసుకునే పద్ధతి) గుర్తొస్తుందని కత్తి తగలనిచ్చేవారు కాదు. కాబట్టి చిన్న చెక్క సుత్తితో కొడతారు. చేస్తున్నది పగలగొట్టడమే, కానీ ఆ మాట అనకూడదు. ‘కోయడం’ వద్దు, ‘పగలగొట్టడం’ వద్దు, ‘తెరవడం’ అనాలి. అందుకే ఆ రోజు పేరు ‘కగామి బిరకి’, అద్దం తెరవడం. పూర్వం 20వ తేదీన చేసేవారనీ, అప్పట్లో దేశాన్నేలిన సైనిక పాలకుడు, షోగన్ ఇయెమిత్సు 1651లో ఒక 20వ తేదీన పోవడంతో 11కి జరిపారనీ చెబుతారు. క్యోతో వైపు తేదీ వేరు.

ఇప్పుడు చాలామంది కొనేది అద్దం ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల విడివిడి ప్యాకెట్లలో మోచి ముక్కలు. వాటికి సుత్తి అవసరం లేదు. మేం పట్టుబట్టి అసలుదే తెచ్చుకున్నాం. గుడ్డలో చుట్టి కొడితే మొదటి రెండు దెబ్బలకు ఏమీ కాలేదు, మూడోదానికి బీట వెంబడి ఠక్కున విడిపోయింది. ఆ ముక్కల్ని నీళ్ళలో నానబెట్టి, తర్వాత గ్రిల్ మీద పెడితే మెల్లగా ఉబ్బి, పైన గోధుమరంగు పొర కట్టి, ఒకచోట పగిలి తెల్లగా బయటికి వస్తాయి. వాటిని వేడి వేడి ‘ఓషిరుకో’లో వేస్తారు. అజుకి అనే చిన్న ఎర్ర గింజల్ని పంచదారతో ఉడికించిన తీపి జావ అది. బొబ్బట్ల పూర్ణాన్ని పల్చగా జారుగా చేస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. పక్కన ఉప్పగా ఉండే కొంబు నాచు ముక్క ఒకటి పెడతారు, మధ్యమధ్యలో కొరుక్కోవడానికి. ఈ చలిలో దానికి సాటి లేదు.

ఇలాంటి మాటలకు ఇక్కడ ‘ఇమి కొతొబ’ అని పేరే ఉంది, అనకూడని మాటలు అని. ఎండు స్క్విడ్‌ని ‘సురుమె’ అంటారు, అందులో ‘సురు’ అంటే డబ్బు పోగొట్టుకోవడం కూడా. అందుకని ‘అతరిమె’ అని మార్చారు, ‘అతరు’ అంటే తగలడం, గెలవడం. పెళ్ళి విందు ‘ముగిసింది’ అనరు, ‘తెరుచుకుంది’ అంటారు. పెళ్ళి కేకు కూడా ‘కోయరు’, కేకులో ‘కత్తి దించుతారు’.

ఒక సభ్యురాలి ప్రశ్న: అశుభం తప్పించడం వేరు, శ్లేషతో శుభం కోరడం వేరు కదండీ. ‘దైదై’ రెండోది. రెండూ కలిపేస్తున్నారేమో?

మీరన్నది నిజమేనమ్మా, రెండూ వేరే. మన ఆలంకారికులు ‘అమంగళాశ్లీలం’ (అశుభాన్ని స్ఫురింపజేసే మాట) అని దోషంగా చెప్పింది మొదటి రకం, ‘కగామి బిరకి’ దాన్ని తప్పించుకునే దారి. రెండోది మన వాడుకలో తక్కువ, ఇక్కడ మాత్రం వంటింటినిండా అదే. డిసెంబర్ 22 ప్రాంతంలో వచ్చే అతి పొడుగు రాత్రి నాడు పేరులో ‘న్’ రెండుసార్లు వచ్చేవి తింటే మంచిదంటారు. గుమ్మడికాయ (‘నన్‌కిన్’), తామరదుంప (‘రెన్‌కొన్’), క్యారెట్ (‘నిన్‌జిన్’). అదృష్టాన్ని ‘ఉన్’ అంటారు మరి. ఆ రోజు పేరు ‘తోజి’, వేడినీళ్ళ స్నానంతో ఒళ్ళు బాగుచేసుకోవడమూ ‘తోజి’నే. మా వీధి చివర స్నానశాలలో ఆ సాయంత్రం తొట్టెనిండా ‘యుజు’ అనే నిమ్మజాతి పళ్ళు తేలుతున్నాయి. ఆ వాసన మర్నాటిదాకా ఒంటిని వదల్లేదు.

ఇంకొకరు: మరి మన ‘వెళ్ళొస్తా’ లాంటిది ఉందా?

ఉందండీ, అచ్చంగా అదే. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ‘ఇత్తె కిమాసు’ అంటారు, ‘వెళ్ళి వస్తాను’ అని. ఇంట్లోవాళ్ళు ‘ఇత్తెరష్షాయ్’ అంటారు, ‘వెళ్ళి రండి’. జనవరి ఒకటిన గుడికి బయల్దేరుతుంటే వరండాలో ఉన్న పక్కింటి పెద్దావిడ కూడా మమ్మల్ని అలాగే సాగనంపారు. తేడా ఒక్కటే. మనం చుట్టాలింటి నుంచి వస్తూ కూడా ‘వెళ్ళొస్తాం’ అంటాం, అందులో మళ్ళీ వస్తామన్న భరోసా ఉంటుంది. ఇక్కడ అది మళ్ళీ తిరిగి చేరే చోట, ఇంట్లోనో ఆఫీసులోనో, అనే మాట. చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో సెలవు తీసుకుంటూ అది అనరు.