జెర్బెరా దుబ్బు మధ్యలో కుళ్లిపోతోంది, సరిగ్గానే నాటాను, మీకెవరికైనా ఇలా జరిగిందా?

చిగురాకు:
అందరికీ నమస్కారం. నా దగ్గర నాలుగు జెర్బెరాలున్నాయి, మూడు నేలలో, ఒకటి కుండీలో. పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ బాగా తగులుతుంది. నాటిన దగ్గర్నుంచి ఐదు నెలలు ఆగకుండా పూశాయి. ఒక్కో దుబ్బుకు ఒకేసారి నాలుగు పూలు నిలబడిన రోజులున్నాయి.

పోయిన వారం ఎర్రపూల మొక్క పొద్దున్నే వాడిపోయి కనిపించింది. దాహమేమో అనుకుని నీళ్లు పోశాను. సాయంత్రానికి ఇంకా వాలిపోయింది. మర్నాడు ఒక ఆకు పట్టుకుని మెల్లగా లాగితే ఆకులన్నీ గుత్తిగా ఊడి చేతిలోకి వచ్చేశాయి. అడుగున గోధుమ రంగు, మెత్తదనం, కుళ్లు వాసన. వేర్లు మట్టిలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు పక్కనున్న పసుపుపూల మొక్కకు కూడా లేత ఆకుల మొదళ్లు నల్లబడుతున్నాయి. నర్సరీ కవరులో మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే నాటాను, లోతుగా పాతలేదు. దీన్నైనా కాపాడుకోవాలని ఉంది.

ఎండపొద్దు:
చిగురాకు గారూ, జెర్బెరాలు ఎక్కువగా పోయేది ఈ జబ్బుతోనే. తొమ్మిదేళ్లుగా పెంచుతున్నాను, మొదటి రెండేళ్లలో నేను పోగొట్టుకున్నవన్నీ ఇలాగే పోయాయి. ఒక్కటి చూసి చెప్పండి. దుబ్బు మధ్యలో లేత ఆకులు, మొగ్గలు పుట్టే చోటుంటుంది కదా, దాన్ని నేను గుండె అంటాను. అది ఇప్పుడు మట్టికి పైన ఉందా, కిందికి పోయిందా? నాటిన రోజు సంగతి కాదు, ఇవాళ్టి సంగతి చెప్పండి.

ఎందుకు అడుగుతున్నానంటే, జెర్బెరా వేర్లకు ఒక గుణం ఉంది. లావుపాటి వేర్లు ముదిరేకొద్దీ ముడుచుకుని పొట్టిగా అవుతాయి. అలా ముడుచుకుంటూ దుబ్బును కిందికి లాక్కుంటాయి. వేరును కడిగి చూస్తే పైభాగంలో అడ్డంగా ముడతలు కనిపిస్తాయి, మోచేతి దగ్గర చర్మం ముడతలు పడ్డట్టు. మట్టికి సమంగా నాటిన మొక్క కొన్ని నెలల్లో మట్టిలోకి దిగిపోయేది అందుకే. గుండె మట్టికి కనీసం ఒక సెంటీమీటరు, వీలైతే రెండు పైన ఉండేలా నాటాలి. నాటిన రోజు చూస్తే ఇంకా కొంచెం లోపలికి నొక్కాలేమో అనిపించాలి. అంత పైకి ఉండాలి.

మట్టిచేతులు:
ఎండపొద్దు గారు చెప్పింది అక్షరాలా నిజం. నా విషయంలో మాత్రం వేర్లు లాగడమొక్కటే కాదు, నేను కప్పిన ఎండుటాకులు కూడా కారణమయ్యాయి. తేమ ఆరకుండా ఉంటుందని అన్ని మొక్కలకూ వేసినట్టే వీటికీ మొదలు దాకా వేశాను. మిగతావి హాయిగా పెరిగాయి, జెర్బెరాలు రెండు పోయాయి. ఆకులు తీసి చూస్తే అడుగున ఎప్పుడూ తడిగానే ఉంది. ఇప్పుడు దుబ్బు చుట్టూ జానెడు మేర ఏమీ కప్పను, ముతక ఇసుక మాత్రం పలచగా పరుస్తాను. పైన పోసిన నీళ్లు వెంటనే దిగిపోతాయి, మట్టి చింది ఆకుల మొదళ్లకు అంటుకోదు.

చిగురాకు:
ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. పసుపుపూల మొక్కకు వేలితో మట్టి పక్కకు తీశాను. గుండె బొటనవేలి మందాన లోపలికి పోయి ఉంది! నాటిన రోజు కచ్చితంగా పైనే ఉంది, ఫొటో కూడా ఉంది. పైగా రోజూ పైనుంచి పైపుతో తడుపుతున్నాను. మట్టి పక్కకు లాగేస్తే సరిపోతుందా, మొక్కను పైకి తీయాలా?

ఎండపొద్దు:
అంత లోతుకు పోయాక చుట్టూ మట్టి లాగితే గుంట పడుతుంది, నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. పైకి తీయండి. నేను చేసే పద్ధతి ఇది. ముందురోజు నీళ్లు పెట్టకండి. దుబ్బుకు జానెడు దూరం నుంచి గునపంతో చుట్టూ వదులు చేసి, వేర్లతో సహా ఎత్తండి. మట్టి దులిపి, నల్లబడ్డ భాగం ఎక్కడుందో చూడండి. పదునైన చాకును స్పిరిట్‌తో తుడిచి, తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కుళ్లును కోసేయండి. ప్రతి కోతకూ చాకు మళ్లీ తుడవాలి. పాత ఆకుల్లో సగం తీసేయండి, అన్నిటినీ మోసే శక్తి ఆ వేర్లకు ఇప్పుడు లేదు. నీడలో రెండు గంటలు ఆరనిచ్చి, వేరే చోట నాటండి.

వేరే చోట అని గట్టిగా చెబుతున్నాను. ఇంత వేగంగా దుబ్బు ఊడిపోతే అది చాలాసార్లు ఫైటోఫ్తోరా, బూజులాంటి ఒక సూక్ష్మజీవి. మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ పక్క మొక్కకు పోతాయి. ఎర్రమొక్క పోయిన గుంటలో మళ్లీ జెర్బెరా పెట్టొద్దు. ఆ మట్టి తీసి వేరే కుండీల్లో కూడా వాడొద్దు. కుళ్లు అనగానే చాలామంది కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి పోస్తారు, అది ఫైటోఫ్తోరా మీద పనిచేయదు. ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు మంచిదే, కాని జబ్బు రాకముందు మట్టిలో కలుపుకోవడానికి. కుళ్లిన గుండెను అది తిరిగి తీసుకురాలేదు.

నీళ్లు పొద్దున పూట, మట్టికి, దుబ్బుకు కాస్త దూరంగా. రెండు వేళ్ల లోతు ఆరాకే మళ్లీ పోయండి.

నీడపట్టు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అంతా ఎండ, ఎండ అంటున్నారు. నా మొక్క మధ్యాహ్నం ఎండకు గొడుగు ముడిచినట్టు వాలిపోతుంటే చూడలేక చెట్టు కిందికి మార్చాను. ఇప్పుడు ఆకులు అరచేయంత వెడల్పుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. మూడు నెలలుగా ఒక్క మొగ్గ లేదు.

పూలసజ్జ:
అక్కా, జవాబు మీ మాటల్లోనే ఉంది. ఆకు పెద్దదై, కాడ సాగి, మొగ్గ రాకపోతే వెలుతురు చాలట్లేదని. ఆరు గంటల ఎండైనా కావాలి. మధ్యాహ్నం వాలిపోవడం చూసి భయపడొద్దు, సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి. లేచి నిలబడితే దానికి దాహం లేదు, వేడికి తట్టుకోలేక వాలిందంతే. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం వేర్లలోనో గుండెలోనో తేడా ఉందని అర్థం, చిగురాకు గారి మొక్కలాగ. నేను చూసిన లక్షణాల్లో ఇంత నమ్మకంగా చెప్పేది ఇంకోటి లేదు.

ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం మధ్యాహ్నం పూట పలచటి నీడ ఇవ్వడం నేను తప్పనను. ఆ వేడికి పూలు చిన్నవవుతాయి, కాడలు పొట్టిగా వస్తాయి. కాని పొద్దుటి ఎండను మాత్రం అడ్డుకోకండి. అసలు ఎండ దుబ్బు మధ్యలోకి దిగాలి. పాత ఆకులు ఒకదానిమీద ఒకటి పడి గుండెను మూసేస్తుంటే పది రోజులకోసారి కింది వరసవి తీసేస్తాను. ఎండ తగిలే గుండె ఆరుతుంది, ఆరిన గుండెకే మొగ్గలొస్తాయి.

తీసేటప్పుడు ఆకునైనా పూవునైనా కత్తెరతో కోయకండి. కాడ అడుగున పట్టుకుని, పక్కకు వంచి, కొంచెం మెలితిప్పి లాగితే టక్కున మొదలుకంటా వస్తుంది. కోస్తే మిగిలిన మొండెం కుళ్లుతుంది, ఆ కుళ్లు గుండెలోకి దిగుతుంది.

మట్టిచేతులు:
పూవు తెంపే సమయం గురించి ఒక మాట. జెర్బెరా అంటే ఒక పూవు కాదు, వందల పూల గుంపు. చుట్టూ రేకుల్లా కనిపించేవి ఒక్కోటీ ఒక పూవు, మధ్యలో బొట్టులా ఉన్నదంతా చిన్న చిన్న గొట్టాల పూలు. ఆ బొట్టులో బయటి రెండు వరసలు విచ్చి పుప్పొడి కనిపించినప్పుడు తెంపితే కూజాలో ఎక్కువ రోజులుంటుంది. అంతకుముందే తెంపినవి నా దగ్గర మెడ వంచేశాయి. కూజాలో నీళ్లు మూడు వేళ్ల మేర చాలు. కాడకు నూగుంటుంది, ఎక్కువ నీళ్లలో ముంచితే అది జిగటగా మారి కాడ కుళ్లిపోతుంది.

సన్నజల్లు:
నాది వేరే బాధ. కుళ్లు లేదు, ఎండ ఉంది, పూస్తుంది కూడా. కొత్త ఆకులు మాత్రం పసుపుగా వస్తున్నాయి, ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి. పేడ ఎరువు రెండుసార్లు వేశాను, మారలేదు.

ఎండపొద్దు:
మీ నీళ్లకు బకెట్‌లో సున్నం తెల్లగా తేలుతుందా? లేత ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదన్నమాట. మట్టిలో ఉన్నా, క్షారం ఎక్కువైతే వేరు తీసుకోలేదు. జెర్బెరాకు మట్టి పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. చిలేటెడ్ ఐరన్, అంటే వేరు తీసుకోగలిగే రూపంలోని ఇనుము, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పోయండి, వీలైతే వాననీళ్లు పట్టి ఉంచుకోండి. ముదురాకులు పసుపైతే అది వేరే సంగతి, సాధారణంగా నత్రజని లోపం.

చిగురాకు:
పసుపుపూల మొక్కను నిన్న తీశాను. మీరు చెప్పిన ముడతలు కళ్లారా చూశాను, వేరు మీద వరసగా ఉంగరాలు తొడిగినట్టు. కుళ్లు కోస్తూ పోతే దుబ్బు దానంతటదే మూడు ముక్కలైంది, రెండింటికి తెల్లటి కండ, వేర్లు ఉన్నాయి, మూడోది పారేశాను. బతికున్న మిగతా రెండు మొక్కలకూ గుండె పైకి తేల్చాను.

ఎర్రపూలది నాకు చాలా ఇష్టం. దాని ఎండిన పూవు ఒకటి దాచాను, గింజలేస్తే అదే రంగు వస్తుందా?

పూలసజ్జ:
అదే రంగు వస్తుందని చెప్పలేనండీ. దక్షిణాఫ్రికాలో బార్బర్టన్ పరిసరాల్లో పుట్టిన జెర్బెరా జేమ్సోనీని 1889లో శాస్త్రీయంగా వర్ణించారు. దాన్ని అక్కడిదే జెర్బెరా విరిడిఫోలియాతో సంకరం చేశాకే ఇన్ని రంగులు మొదలయ్యాయి. మనం పెంచేవి తరతరాల సంకరాలు, గింజ వేస్తే తల్లి రంగు రావాలని లేదు. అదే రంగు కావాలంటే పిలకలు విడదీయాలి, రెండు మూడేళ్లకోసారి దుబ్బును ఎలాగూ విడదీయాలి.

అయినా వేయండి. గింజ త్వరగా మొలక శక్తి పోగొట్టుకుంటుంది, దాచొద్దు. బొద్దుగా ఉన్నవే పనికొస్తాయి, చపాతీలా అణిగిపోయినవి తాలు. మొన కిందికి, కుచ్చు పైకి ఉండేలా గుచ్చి, మట్టి కప్పకుండా వదిలేయండి. మొలవడానికి వెలుతురు కావాలి. 20 నుంచి 24 డిగ్రీల దగ్గర రెండు వారాల్లోపు తెలిసిపోతుంది.

చిగురాకు:
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. గింజల్లో పదకొండు వేస్తే నాలుగు మొలిచాయి. విడదీసిన రెండు ముక్కల్లో ఒకటి నాలుగో రోజే పోయింది, కోసిన చోటు మళ్లీ నల్లబడింది. రెండోది ఇరవై రోజులు కదలకుండా కూర్చుంది. ఇవాళ పొద్దున గుండెలో కొత్త ఆకు, ఇంకా మడత విప్పలేదు, కింది వైపంతా తెల్లటి నూగు. దాని పక్కనే, శనగగింజంత గుండ్రంగా, లోపలికి ఒదిగి ఒక మొగ్గ. ముందు చూడనే లేదు, నీటిబొట్టు అనుకున్నాను. దీన్ని ఉంచనా?

ఎండపొద్దు:
చాలా సంతోషం. కాని ఉంచకండి. ఆ వేర్లు ఇంకా పట్టు దొరకబుచ్చుకోలేదు, ఇప్పుడు పూస్తే ఆకులకు అందాల్సింది పూవుకు పోతుంది. కనీసం ఐదారు ఆకులు వచ్చేదాకా మొగ్గలు తీసేయండి.

చిగురాకు:
తీసేశాను. మెలితిప్పే, కోయలేదు. మట్టి మీద పడేయాలనిపించలేదు, చిన్న మూతలో నీళ్లు పోసి కిటికీలో పెట్టాను.