వరంగల్ షాపు బోర్డుల మీద జైన్ (సొంతంగా అచ్చేసుకునే చిన్న పుస్తకం) వేస్తున్నా, సలహా కావాలి

ప్రశ్న:
చేత్తో రాసిన షాపు బోర్డులంటే నాకు ప్రాణం. ఫ్లెక్సీలొచ్చాక మా వరంగల్‌లో ఒక్కొక్కటే పోతున్నాయి. ఫోటోలు, వాటిని రాసిన పెయింటర్లు చెప్పిన మాటలు కలిపి 14 పేజీల జైన్ సొంతంగా వేద్దామనుకుంటున్నా. జిరాక్స్ షాపులోనే తీయించాలి, బడ్జెట్ అంతే. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు:
14 కుదరదు తమ్ముడూ. ఏ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. కాబట్టి 12 గానీ 16 గానీ. 16 చెయ్యి, పెయింటర్ల మాటలు మాత్రం కోసెయ్యకు. ముందు 4 తెల్లకాగితాలు కలిపి మడిచి, పేజీ నంబర్లు వేసి విప్పి చూడు. ఒకటో పేజీ పక్కన పదహారోది ఉంటుంది! ఆ డమ్మీ లేకుండా షాపుకెళ్లొద్దు.

ఇంకో జవాబు:
వర్డ్ ఫైలు ఇవ్వకండి. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోతే లైన్లన్నీ జరిగిపోతాయి, పీడీఎఫ్ ఇవ్వండి. ఇన్‌డిజైన్‌లో (పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్) చేస్తే, అందులో తెలుగు లాంటి లిపుల కోసం ఉండే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోండి, లేదంటే వత్తులు చెదిరిపోతాయి. అన్నట్టు, కవర్ మీద పేరు ఆ పెయింటర్లలో ఒకరితోనే రాయించండి, తగిన డబ్బులిచ్చి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, కవర్ మాట భలే చెప్పారు, రేపే అడుగుతా. మరి ఫోటోలు?

మొదటి జవాబు ఇచ్చినవారు:
జిరాక్స్‌లో నీడలన్నీ నల్లగా ముద్దయిపోతాయి. బ్లాక్ అండ్ వైట్ చేసి, నీడలు కాస్త తేలిక చేసి, ముందు ఒక్క పేజీ తీయించి చూడు. అంచుదాకా ఫోటో పెట్టకు, మిషన్ చుట్టూ కొంచెం తెల్లగా వదిలేస్తుంది. మడత మీద పిన్ను కొట్టడానికి పొడుగు స్టాప్లర్ కావాలి, బైండింగ్ షాపులో అడుగు. ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే గుర్తింపు నంబరు) అక్కర్లేదు. నాకో కాపీ పక్కన పెట్టు.