అప్‌డేట్: భుజాల మధ్యబిందువులు ఇచ్చి శీర్షాలు అడిగిన లెక్క తేలింది

సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్. కడపలో పదో తరగతి చదివే మా పాప లెక్క ఇది: ఎబిసి త్రిభుజంలో బిసి, సిఎ, ఎబి భుజాల మధ్యబిందువులు వరుసగా డి(1, 3), ఇ(−2, 5), ఎఫ్(3, −1). శీర్షాలు కావాలి.

సమాంతర చతుర్భుజం వాడమని మీరిచ్చిన సలహా పనిచేసింది. ఎ, ఎఫ్, డి, ఇ కలిపితే సమాంతర చతుర్భుజం. కర్ణాలు సమద్విఖండన చేసుకుంటాయి కాబట్టి ఎ + డి = ఇ + ఎఫ్. అంటే ఏ శీర్షం కావాలో ఆ శీర్షం దగ్గర కలిసే రెండు భుజాల మధ్యబిందువులను కూడి, ఎదుటి భుజానిది తీసేయాలి.

ఎక్స్: −2 + 3 − 1 = 0
వై: 5 − 1 − 3 = 1

ఎ(0, 1). ఇలాగే బి(6, −3), సి(−4, 9).

పిల్లలు తడబడేది బి దగ్గర. 1 + 3 − (−2) = 6 రావాలి, బ్రాకెట్ వదిలేస్తే 2 వస్తుంది. దీనికి మంచి తనిఖీ ఉంది: మూడు మధ్యబిందువుల ఎక్స్‌ల మొత్తం, మూడు శీర్షాల ఎక్స్‌ల మొత్తం ఒకటే కావాలి. ఇక్కడ రెండూ 2, వైలకు 7.

ప్రతి మధ్యబిందువుకూ ఎక్స్, వైలకు విడిగా సూత్రం రాసి ఆరు సమీకరణాలు సాధించే పద్ధతిలోనూ ఇదే జవాబు, కానీ పరీక్షలో టైం తినేస్తుంది. దూర సూత్రం అక్కర్లేదు. గ్రాఫ్‌లో అక్షాలకు వేర్వేరు స్కేలు తీసుకున్నా మధ్యబిందువు మారదు, ఆ అనుమానం వదిలేయండి.