ప్రొక్లెయిన్‌కి జీపీఎస్ కిట్ పెట్టించాను, చీకటి పడితే లెవెల్ ఆడుతోంది

మట్టిపని_ఆనందపురం:
నాకు రెండు ప్రొక్లెయిన్లు ఉన్నాయి. ఆనందపురం అవతల ఒక లేఅవుట్‌లో రోడ్ల కటింగ్ దొరికింది. ఎంత లోతు తవ్వాలో గుర్తుకి సర్వేయరు పెగ్గులు (కొయ్య మేకులు) పాతడం, మర్నాటికి టిప్పర్లు వాటిని తొక్కేయడం, మళ్లీ ఆయనకి ఫోన్లు. ఈ బాధ పడలేక 20 టన్నుల బండికి నెల అద్దె మీద త్రీడీ కిట్ పెట్టించాను, బకెట్ కొన ఏ ఎత్తులో ఉందో జీపీఎస్‌తో లెక్కకట్టి చూపించేది. వెనక రెండు యాంటెనాలు, బూమ్‌కీ ఆర్మ్‌కీ బకెట్‌కీ సెన్సర్లు, క్యాబిన్‌లో స్క్రీన్. సైటాఫీసు కంటైనర్ పక్కన బేస్, అంటే కదలకుండా ఒకేచోట ఉండి బండికి తప్పులు సరిదిద్ది పంపే రిసీవర్.

మా ఆపరేటర్ బాబాయ్‌ది పాతికేళ్ల చేయి. మొదటి రోజు "ఏటి బాబూ, ఈ టీవీ సూసి తవ్వాలేటి?" అన్నాడు. మూడో రోజుకి స్టాఫ్ (లెవెల్ చూసే కొలత కర్ర) పట్టే కుర్రాణ్ణి పిలవడం మానేశాడు.

ఇప్పుడు రెండు గొడవలు. ఈ అక్టోబరు వానలకి పగలు పని సాగక రాత్రి కూడా నడుపుతున్నాం. ఏడున్నర దాటితే స్క్రీన్ మీద ఎత్తు ఆడుతోంది. బకెట్ నేలకి ఆనించి కదలకుండా ఉంచినా ఒకసారి 4 సెంటీమీటర్లు తేడా, ఒకసారి 30. అర్ధరాత్రికి దానంతటదే సర్దుకుంటుంది. రెండోది ఇంకా ఘోరం. గురువారం పట్టపగలు, స్క్రీన్ పచ్చగానే ఉంది, 110 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు తవ్వాం. ఆటో లెవెల్ (మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి ఎత్తులు చూసే దుర్బీను) పెట్టి చూస్తే అంతటా 6 సెంటీమీటర్లు ఎక్కువ లోతు. దగ్గర దగ్గర 53 క్యూబిక్ మీటర్లు మళ్లీ నింపి రోలర్ కొట్టాలి, దానికి బిల్లు రాదు. అద్దెకిచ్చినవాళ్లు రెండింటికీ "సిగ్నల్ సమస్య సార్" అంటున్నారు. నిజంగా రెండూ ఒకటేనా?

థియోడలైట్_తాత:
కావు బాబూ. రాత్రిది ఆకాశం పని. ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, వాటి సిగ్నల్ అయనోస్ఫియర్ (పైన విద్యుత్ కణాలుండే గాలి పొర) దాటి రావాలి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొస దగ్గరగా పోతుంది. అందుకని మన వైపు పొద్దు గూకాక ఆ పొరలో బుడగలు లేస్తాయి, సిగ్నల్ చుక్కల్లా మినుకుతుంది. మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువ. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో మరీను.

బేస్ పక్కనే ఉంది కదా అనుకోవచ్చు. మామూలు తప్పులు బేస్‌కీ బండికీ ఒకేలా వస్తాయి కాబట్టి ఒకదానితో ఒకటి కొట్టేసుకుంటాయి. సిగ్నలే తెగి తెగి వస్తుంటే కొట్టేయడానికి ఏముంటుంది? స్క్రీన్ మూలన ఫిక్స్ (లెక్క సెంటీమీటర్లలో కుదిరింది) అని ఉండేది ఆ టైములో ఫ్లోట్ (లెక్క ఇంకా కుదరలేదు) అవుతుంది, చూడండి. ఫ్లోట్ అంటే లెవెల్ పని ఆపేయాలి. మట్టి ఎత్తిపోసుకోవచ్చు. జీపీఎస్ అమెరికావాళ్లది; కిట్‌లో రష్యావాళ్ల గ్లోనాస్, యూరప్‌వాళ్ల గెలీలియో, చైనావాళ్ల బైడూ ఉపగ్రహాలు కూడా ఆన్ చేశారో లేదో అడగండి. ఎన్ని ఉపగ్రహాలు దొరికితే అంత నయం.

ఎత్తు ఎప్పుడూ అడ్డం కొలత కన్నా బలహీనమే. ఉపగ్రహాలన్నీ నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు కదా! కల్వర్టు మూల మీద పెయింటుతో ఒక బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) పెట్టుకోండి. పొద్దున బండి ఎక్కగానే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి బకెట్ పన్ను దానికి ఆనించి చూడాలి. (1909లో దేశం మొత్తం ఎత్తులకి సున్నా కట్టడానికి తీసుకున్న తొమ్మిది రేవుల్లో మన విశాఖ ఒకటి. లెవెల్ విషయంలో మనం పరువు పోగొట్టుకోకూడదు.)

గురువారానిది నాకు అంతుపట్టలేదు. ఎవరైనా ఆపరేటర్లు చెప్పాలి.

ఓల్డ్_ఆపరేటర్_సబ్బవరం:
అన్నా, బుధవారం గాని బకెట్ పళ్లు మార్చారా? కిట్‌కి తెలిసేది కిట్ పెట్టిన రోజు కొలిచిన పన్ను పొడవే. అప్పుడు అరిగిన పళ్లుంటే, కొత్తవి వేశాక కొన అంత కిందికి పోతుంది. స్క్రీన్ సరిగ్గా ఉందంటుంది, బకెట్ మాత్రం లోతుగా తవ్వేస్తుంది. అంతటా ఒకే 6 వచ్చిందన్నారు, సిగ్నల్ తప్పు అలా ఒకే లెక్కన రాదు. పళ్లు మార్చినా, బకెట్ మార్చినా, పిన్నులు లూజైనా మళ్లీ కొలిచి ఎక్కించాలి. పావుగంట పని. నేనూ ఒకసారి తిట్లు తిన్నాకే నేర్చుకున్నా.

గాజువాక_గ్రేడర్:
ఒక్క మాట. జీపీఎస్‌తో 2, 3 సెంటీమీటర్లు తేడా ఉంటుంది. సబ్‌గ్రేడ్‌కి (రోడ్డు పొరల కింద ఉండే మట్టి మట్టానికి) రోడ్డు స్పెసిఫికేషన్‌లో పైకి 20, కిందికి 25 మిల్లీమీటర్లే ఒప్పుకుంటారు. కటింగ్‌కి బాగుంటుంది గాని, పైన మెటల్ పొరలకి దాన్ని నమ్ముకోకండి. వాటికి టోటల్ స్టేషనో (నేల మీద నుంచే కోణం, దూరం కొలిచే సర్వే పరికరం) లేజరో ఉండాల్సిందే.

మట్టిపని_ఆనందపురం:
సబ్బవరం తమ్ముడూ, దండం! బుధవారం సాయంత్రమే మార్చాం. బాబాయ్ పాత పన్ను ఒకటి టూల్ బాక్సులోంచి తీసి కొత్తదాని పక్కన పెట్టాడు, తేడా వేళ్లతోనే కొలవొచ్చు. మళ్లీ కొలిచి ఎక్కించాం. కల్వర్టు మూల మీద ఇప్పుడు ఒక సెంటీమీటరు తేడా చూపిస్తోంది.

తాతగారూ, కిట్‌లో జీపీఎస్ ఒక్కటే ఆన్ చేసి ఉంది. మిగతావి తెరిపించాను. అయినా నిన్న ఎనిమిదింపావుకి ఫ్లోట్‌లోకి పోయింది, పది దాకా గ్రావెల్ కుప్పలు పోయించాం.

ఆ 53 క్యూబిక్ మీటర్ల ఖర్చు సంగతి రేపు అద్దెవాళ్లతో మాట్లాడాలి. పళ్లు మార్చితే కొలవాలని వాళ్లు చెప్పలేదు. మార్చింది నేనే కాబట్టి నా గొంతూ పెద్దగా లేవదు.