విశ్లేషణ రాయనివారికి ఓటు ఉండాలా? 11వ ఎత్తు దగ్గర మొదలైన తగవు

నిర్వాహకుడు:
కొత్తగా చేరినవారి కోసం ముందు సంగతి చెబుతాను. ఇది మనమంతా కలిసి ఆడుతున్న చదరంగం ఆట. మనవి తెల్ల పావులు, ఎదుట మరో బృందం. ఒక్కో ఎత్తుకు ఒక రోజు గడువు. ఎక్కువ ఓట్లు పడిన ఎత్తే బల్ల మీదికి వెళుతుంది. ప్రారంభాల పుస్తకాలు చూసుకోవచ్చు, ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) మాత్రం తెరవకూడదు. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ప్రారంభంలో పది ఎత్తులు పూర్తయ్యాయి. గడి పేరులో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డ వరుసది. మన రాజు కోటలో ఉన్నాడు. ఒక శకటు డి3లో, గుర్రం ఎఫ్3లో, ముందుకు దూసుకెళ్లిన బంటు ఇ5లో ఉన్నాయి. రెండో శకటు ఇంకా సి1 వదలలేదు. వారి రాజు జి8లో, మంత్రి డి8లో, ఏనుగు ఇ8లో, గుర్రాలు సి6, డి7లలో ఉన్నాయి. నల్లగళ్ల శకటును వారు ముందే మన గుర్రంతో మార్చుకున్నారు.

నిన్నటి ఓటింగులో ఏనుగును ఇ1కు జరపాలన్న వర్గం మీద, శకటుతో హెచ్7 బంటును కొట్టి చెక్ ఇవ్వాలన్న వర్గం నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. ఎత్తు పంపేశాం. జవాబు రావాలి. ఈలోగా ‘ఒంటరి బంటు’ గారు ఒక ప్రతిపాదన పెట్టారు: ఇకపై కనీసం ఒక వరుస విశ్లేషణ రాసినవారి ఓటే లెక్కలోకి రావాలని. దానిపై చర్చ ఇక్కడ జరుపుకుందాం. మర్యాద తప్పకుండా.

ఒంటరి బంటు:
నా బాధ ఓడిపోయినందుకు కాదు. శకటును బలి ఇస్తున్నాం, మూడు పాయింట్ల పావు! అంత పెద్ద నిర్ణయానికి ఓటేసినవారిలో సగానికి పైగా ఇక్కడ ఒక్క ముక్క రాయలేదు. ‘హెచ్7 మీద పడదాం, సరదాగా ఉంటుంది’ అని ఒకరు రాశారు. అది కూడా విశ్లేషణే అంటే నేను చేసేదేమీ లేదు.

మూడో గుర్రం:
ఆ సరదా మాట రాసింది నేనే. దాని కింద పన్నెండు వరుసలు కూడా రాశాను, తమరు అక్కడిదాకా చదవలేదేమో. మళ్లీ చెబుతాను. వారి రాజు శకటును తీసుకుంటే మన గుర్రం జి5కు వచ్చి చెక్ ఇస్తుంది. రాజు హెచ్6కు వెళితే గుర్రం ఎఫ్7 బంటును కొడుతుంది. సి1 నుంచి శకటు, ఎఫ్7 నుంచి గుర్రం, రెండూ ఒకేసారి చెక్, పైగా డి8లోని మంత్రి మన గుర్రం కింద ఉంటుంది. రాజును జరపకుండా జి5లోనే మంత్రితో గుర్రాన్ని తీసుకుంటే మన శకటు ఆ మంత్రిని తీసుకుంటుంది. రెండు చిన్న పావులకు ఒక మంత్రి, పైన ఒక బంటు. ఈ బేరం వద్దనేవారు చేతులెత్తండి.

రాజు జి8కు వెనక్కి వెళితే మంత్రి హెచ్5. వారు ఏమరుపాటుగా ఏదో ఒక ఎత్తు వేశారనుకోండి: ఎఫ్7లో చెక్, హెచ్5లో చెక్, హెచ్7లో చెక్, హెచ్8లో చెక్, చివరికి రాజు ఇ7లో నిలబడి ఉండగా జి7 బంటును కొట్టి ఆట కట్టు. ఇ5లో మన బంటు ఉంది కాబట్టి డి6, ఎఫ్6 రెండు గళ్లూ మూసుకుపోయి ఉంటాయి. హెచ్7లో ఇలా శకటును బలి ఇవ్వడాన్ని గ్రీకు కానుక అంటారని మీకు తెలియనిది కాదు. 17వ శతాబ్దంలో ఇటలీ ఆటగాడు జోయాకినో గ్రెకో రాతప్రతుల్లోనే ఉంది.

ఒంటరి బంటు:
నాలుగు వందల ఏళ్ల నాటి ఉచ్చులో మన ప్రత్యర్థులు ‘ఏమరుపాటుగా’ పడతారన్నమాట! వారేమీ ఏమరరు. మంత్రి హెచ్5కు రాగానే డి7 గుర్రాన్ని ఎఫ్8కు లాగుతారు. హెచ్7కు కాపలా దొరికింది. వారి ఏనుగు ఇంకా ఎఫ్8లోనే ఉండి ఉంటే ఆ గడి ఖాళీ ఉండేది కాదు, మీ కథంతా నిజమయ్యేది. కానీ ఏనుగు ఇ8కు జరిగి గుర్రానికి చోటిచ్చింది. తేడా అంతా ఆ ఒక్క గడిలోనే ఉంది. ఓటేసినవారిలో ఎంతమంది దాన్ని చూశారు? నా ప్రశ్న ఇదే.

మూడో గుర్రం:
నేను చూశాను. గుర్రం ఎఫ్8కు వచ్చాక మంత్రి ఎఫ్7 బంటును కొట్టి చెక్. రాజుకు హెచ్8 తప్ప దారి లేదు. హెచ్5లో మళ్లీ చెక్. గుర్రాన్ని హెచ్7లో అడ్డం పెడితే అక్కడే ఆట కట్టు, కాబట్టి రాజు జి8కే రావాలి. మళ్లీ ఎఫ్7, మళ్లీ హెచ్5. స్థితి మూడుసార్లు వస్తే డ్రా. అంటే ఆ దారిలో మనకు డ్రా జేబులో ఉన్నట్టే, గెలవాలనుకుంటే ఇంకేదైనా వెతుక్కోవచ్చు. ఇందులో నష్టమెక్కడ?

ఒంటరి బంటు:
‘ఇంకేదైనా’ ఏమిటో చెప్పండి. ఎఫ్ బంటును రెండు గళ్లు తోసి, ఏనుగును ఎఫ్3 మీదుగా హెచ్3కు తెస్తారా? ఈలోపు వారి ఏనుగు ఇ7కు వచ్చి మీ మంత్రిని ఎఫ్7 నుంచి తరుముతుంది. శకటు డి7 మీదుగా ఇ8కు వచ్చి హెచ్5లో కూడా నిలవనివ్వదు. అప్పుడు మనకు మిగిలేవి శకటుకు బదులు రెండు బంట్లు, కొంచెం సిగ్గు.

ఆఖరి నిమిషం:
గడువుకు అయిదు నిమిషాల ముందు ఓటేసి వెళ్లిపోయేవారిలో నేనొకడిని, నా పేరు చూస్తేనే తెలుస్తుంది. మీ ఇద్దరి వాదనా పూర్తిగా చదివాకే ఓటేస్తాను. చదివినదాన్నే నా మాటల్లో తిరిగి రాస్తే ఎవరికి లాభం? ఎంతమంది రాస్తే అంత చెత్త పోగవుతుంది. 2025లో మాగ్నస్ కార్ల్‌సన్ మీద ప్రపంచం ఆడిన ఫ్రీస్టైల్ ఆట (వెనుక వరుస పావుల స్థానాలు మార్చి ఆడేది) గుర్తుందా? లక్షా 43 వేల మందికి పైగా ఒకవైపు, అతనొక్కడు ఒకవైపు. ఓటేసే ముందు వ్యాసం రాయమని వారిని ఎవరూ అడగలేదు. 32వ ఎత్తు దగ్గర స్థితి మూడుసార్లు వచ్చి ఆట డ్రా అయింది. ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న ఆటగాడితో డ్రా!

ఏనుగు దారి:
అంతకు ముందు ఏడాది విశ్వనాథన్ ఆనంద్ సుమారు 70 వేల మందిని ఒంటరిగా ఓడించాడు. ఆ ఓటర్లనూ ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కొక్క ఉదాహరణ చూపించి సిద్ధాంతం కట్టవద్దు.

అసలు చూడవలసింది 1999 నాటి ఆట. ప్రపంచ ఛాంపియన్‌గా పేరున్న కాస్పరోవ్ ఒకవైపు, 75కు పైగా దేశాల నుంచి 50 వేలకు పైగా జనం మరోవైపు. జూన్ 21న మొదలై అక్టోబర్ 22న ముగిసింది, 62 ఎత్తులు. దారి చూపడానికి నలుగురు యువ ఆటగాళ్లను పెట్టారు. వారిలో ఇరీనా క్రష్‌కు అప్పుడు పదిహేనేళ్లు. పదో ఎత్తులో మంత్రిని ఇ6కు తేవాలన్న కొత్త ఆలోచన ఆమెదే. జనం దానికే ఓటేశారు, ఆట ఒక్కసారిగా ఎవరూ నడవని దారి పట్టింది. ఆమె తన ఎత్తు చెప్పి ఊరుకోలేదు, కొమ్మలు రెమ్మలుగా విశ్లేషణ రాసిపెట్టింది. ఇతరులు దానికి తమ పరిశోధన కలుపుతూ వచ్చారు. చివరికి కాస్పరోవే గెలిచాడు, నిజమే. అయినా అంతసేపు ఆయనను నిలబెట్టింది తలల లెక్క కాదు, రాసిపెట్టిన విశ్లేషణ.

ఆఖరి నిమిషం:
మీ ఉదాహరణ నా పక్షాన్నే నిలబడుతోంది కదండీ! రాసినవారు కొందరే, చదివి ఓటేసినవారు వేలమంది. ఆ వేలమందికి ఓటు లేదని ఉంటే క్రష్ విశ్లేషణను ఎవరు గెలిపించేవారు? ఆమె స్నేహితులా?

ఏనుగు దారి:
దెబ్బ తగిలింది, ఒప్పుకోను. చదివారన్న నమ్మకం మీకెలా కలిగింది? ఒక వరుస రాయమనడం శిక్ష కాదు, చదివినందుకు రసీదు. నాకు నచ్చే ఉదాహరణ మరొకటి ఉంది. 2005లో మనుషులు కంప్యూటర్లతో జట్టుకట్టి ఆడే టోర్నీ జరిగింది. గ్రాండ్‌మాస్టర్లు కూడా దిగారు. గెలిచింది మాత్రం ఇద్దరు అమెరికా ఔత్సాహికులు. వారి బలం రేటింగులో లేదు, ఏ ఎత్తును ఎలా వెతకాలో ఒక పద్ధతి పెట్టుకోవడంలో ఉంది. మనకు లేనిదల్లా అదే. మనకు ఇంజిన్ నిషేధం, సరే. పద్ధతికి కూడా నిషేధమా?

కోట వెనుక:
ఒక చిన్న సందేహం. మనం ఇంత బహిరంగంగా రాస్తున్నాం, ఎదుటివారు చదవడం లేదని గ్యారంటీ ఏమిటి? 1999 ఆటలో ప్రపంచ జట్టు చర్చలను తాను చదివేవాడినని కాస్పరోవే తరువాత ఒప్పుకున్నాడు. అంతటివాడికే ఆగలేదు.

మూడో గుర్రం:
చదవనివ్వండి. నేనూ ఒంటరి బంటు గారూ రాసినవి వరుసగా చదివితే వారికి తలనొప్పి వచ్చి గడువు దాటిపోతుంది. అదే మన రహస్య ఆయుధం.

ఒంటరి బంటు:
నవ్వు వచ్చింది, కానీ విషయం దాటవేస్తున్నారు. రాజు జి6కు వస్తే ఏం చేస్తారో ఇంతవరకు చెప్పలేదు. హెచ్6, జి8 గురించి పుంఖానుపుంఖాలుగా రాశారు, అసలు యుద్ధం జి6లో.

మూడో గుర్రం:
అక్కడ రెండు దారులు. మంత్రి జి4కు, లేదా హెచ్ బంటు రెండు గళ్లు. మంత్రి జి4కు వస్తే వారు ఎఫ్ బంటును ఎఫ్5కు తోస్తారు. మంత్రి జి3కు తగ్గుతుంది. ఇక గుర్రం ఇ6 బంటును కొట్టుకుంటూ పక్కకు తప్పుకోగానే వెనుక నుంచి మంత్రి చెక్, ముందు వారి మంత్రి మీద గుర్రం. వారు తమ డి7 గుర్రాన్ని ఎఫ్8కు తెచ్చి ఇ6ను కాస్తే? అక్కడి నుంచి నాకూ చీకటే, చూస్తున్నాను. 1930లో నీస్‌లో కోల్, ఓహాన్లన్‌ల ఆట కూడా ఇలాంటిదే. అక్కడా నల్ల ఏనుగు ఇ8లో, గుర్రం డి7లో. రాజు జి6కే వచ్చాడు, కోల్ హెచ్ బంటును తోసి గెలిచాడు. ఆ బలి సరైనదేనా అని విశ్లేషకులు దశాబ్దాల పాటు తగవులాడుకున్నారు. మనం ఒక్క రోజులో తేల్చాలంటే ఎలా?

ఆఖరి నిమిషం:
అదీ సంగతి. అంతటివారికే తేలనిది మాకు తేలలేదని మా ఓటు తీసేస్తారా? ఇంకో మాట. ఏనుగును ఇ1కు జరపమన్నారు కదా, అప్పుడు వారు వెంటనే గుర్రాన్ని ఎఫ్8కు తెచ్చేవారు. లేదా సి బంటును తోసి మన శకటును ఆ వాలు నుంచి తరిమేవారు. బలికి తలుపు ఈ ఒక్క ఎత్తులోనే తెరిచి ఉంది. ఇది చూసే ఓటేశాను. ఇదిగో, రాయించారు కదా, రసీదు తీసుకోండి.

ఒంటరి బంటు:
తీసుకున్నాను. ఇదే మాట నిన్న రాసి ఉంటే నా ఓటు కూడా మారేదేమో. నేను అడిగేది సరిగ్గా ఇదే.

కోట వెనుక:
వారు అసలు శకటును తీసుకోకపోతే? రాజు ఎఫ్8కు జరిగితే?

మూడో గుర్రం:
ఒక బంటు ఊరికే వచ్చినట్టు. అందులో చూడడానికేముంది?

నిర్వాహకుడు:
జవాబు వచ్చింది. రాజు ఎఫ్8.

ఏనుగు దారి:
ఇంత విశ్లేషణలో ఆ ఎత్తుకు దక్కింది ఒక ప్రశ్న, ఒక ‘ఏముంది’. వారు మన చర్చ చదవడం లేదని ఇప్పుడైనా నమ్మకం కలగడం లేదు.

మూడో గుర్రం:
బంటు అధికంగానే ఉన్నాం! ఎవరూ కంగారు పడవద్దు. మన శకటు హెచ్7లో ఇరుక్కుపోతుందేమో అన్నదొక్కటే చూసుకోవాలి. వారు బంటును జి6కు తోస్తే వెనక్కి దారి ఉండదు.

ఒంటరి బంటు:
‘ఒక్కటే చూసుకోవాలి’ అట. చూడండి మరి, మీకు 24 గంటలున్నాయి.

నిర్వాహకుడు:
నియమం సంగతి ఈ ఎత్తు వరకు ఇలా చేద్దాం: ఓటు అందరిదీ లెక్కిస్తాను, కానీ విశ్లేషణతో వచ్చినవాటిని, ఉత్తవాటిని విడివిడిగా చూపిస్తాను. రెండు లెక్కలూ వేర్వేరు ఎత్తులను గెలిపిస్తే అప్పుడు మళ్లీ కొట్లాడుకుందాం. పన్నెండో ఎత్తుకు ఓటింగ్ మొదలైంది.

పక్క బల్ల:
ఇక్కడ ఇదే నా మొదటి మాట, ఇంతవరకు ఓట్లే వేశాను. గుర్రం జి5. వారు బంటును జి6కు తోస్తే శకటుతో ఆ బంటునే కొడదాం. ఎఫ్ బంటుతో తీసుకుంటే మంత్రి ఎఫ్3లో చెక్. రాజు ఇ7కు వస్తే ఎఫ్7లో ఆట కట్టు. జి8కు వెళితే ఎఫ్7లో చెక్, తరువాత హెచ్7లో ఆట కట్టు. గుర్రాన్ని ఎఫ్6లో అడ్డం పెడితే ఇ5 బంటుతో దాన్ని తీసుకుంటాం, రెండు బంట్లు అధికం. కాబట్టి శకటు ఇరుక్కోదు.

ఒంటరి బంటు:
పక్క బల్ల గారూ, ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ? నా ఓటు కూడా గుర్రం జి5కే. మంత్రితో ఎఫ్6లో అడ్డుకుంటే?

పక్క బల్ల:
అప్పుడు మంత్రినే తీసుకుంటాం.