శుద్ధి చేసిన మురుగునీటికి నీళ్ల బిల్లులో తగ్గింపు ఇవ్వాలా? కర్ణాటకలో దానికో చట్టం కావాలా?

వర్తూరు వాసి:
బెంగళూరులో ఉన్న మనవాళ్లను అడుగుతున్నా. మా అపార్ట్‌మెంట్‌లో 180 ఫ్లాట్లు. ఎస్టీపీకి (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకి) కరెంటు, ఆపరేటర్ల జీతాలు, బురద తీయించే ఖర్చు అన్నీ మా మెయింటెనెన్స్‌లోంచే పోతాయి. రోజుకు 75 వేల లీటర్ల దాకా శుద్ధి నీళ్లు వస్తే ఫ్లష్‌లకూ మొక్కలకూ సగం కూడా పట్టవు, మిగిలినవి కాలవలో వదలాల్సిందే. 2024 ఎండాకాలంలో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు గదా, ఆ రోజుల్లో మా గేటు పక్కనే ఆ నీళ్లు వృథాగా పోతుంటే కడుపు తరుక్కుపోయింది. శుద్ధి నీళ్లలో సగం వరకు అమ్ముకోవచ్చని ఆ ఏడాదే ప్రభుత్వం ఒప్పుకుంది. కొనేవాళ్లేరీ? మా దగ్గరికొచ్చిన ట్యాంకర్లవాళ్లు ఊరికే ఇస్తేనే పట్టుకెళ్తామన్నారు. కిలోలీటరుకు ఇంత అని మా బిల్లులో తగ్గించాలి. అదీ రేపు మార్చేసే ఉత్తర్వుగా కాదు, అసెంబ్లీ చేసిన చట్టంగా ఉండాలి.

ములబాగిలు రైతు బిడ్డ:
అన్నా, మీ బాధ నిజమే, కానీ మా వైపు కూడా చూడండి. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. 2018లో కేసీ వ్యాలీ పథకం (బెంగళూరు శుద్ధి నీళ్లను కోలారు చెరువులకు పంపే పథకం) పైపు వచ్చాక మీ ఊరి మురుగునీళ్లే శుద్ధి అయి మా చెరువుల్లోకి వస్తున్నాయి, వాటివల్లే ఎండిన బోర్లలో మళ్లీ నీళ్లు చూశాం. మిగిలిన మలినాలు, క్రిములు కూడా తీసే మూడో దశ శుద్ధి లేకుండానే పంపుతున్నారు, దాని మీద మాకూ భయం ఉంది, అది వేరే పోరాటం. శుద్ధి నీళ్ల మీద హక్కు వినియోగదారుడిదే అని చట్టంలో రాశారంటే, రేపు బెంగళూరు జల బోర్డు ప్లాంట్ల నీళ్లను కూడా డబ్బున్న కంపెనీలకే మళ్లిస్తారు. అప్పుడు మా చెరువుల గతేంటి?

బ్లోయర్ శబ్దం:
తొమ్మిదేళ్లుగా ఎస్టీపీలు నడుపుతున్నాను. కరెంటు మిగులుతుందని రాత్రిపూట బ్లోయర్లు (మురుగునీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు) ఆపమన్న అసోసియేషన్లను చూశాను. గాలి అందకపోతే మురుగును తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తెల్లారేసరికి గుప్పున వాసన. అలాంటి నీళ్లకు కూడా లీటర్లు లెక్కేసి డబ్బులిస్తే అన్యాయం. బయటికెళ్లే పైపు మీద మీటరు పెట్టాలి, ల్యాబ్ రిపోర్టులో బీఓడీ (నీళ్లలో కుళ్లే మురుగు ఎంత మిగిలిందో చెప్పే కొలత) లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉన్న నెలకే తగ్గింపు ఇవ్వాలి. ఇంకో మాట, ఎస్టీపీ లేని చిన్న ఇళ్లవాళ్లు కూడా మురుగు చార్జీ కడుతున్నారు, మీ తగ్గింపు భారం వాళ్ల మీద పడకూడదు.

వర్తూరు వాసి:
ములబాగిలు తమ్ముడూ, నీ మాటతో నా డిమాండ్ మార్చుకుంటున్నా. నీళ్ల మీద హక్కు అడగను, శుభ్రం చేసిన పనికి డబ్బు అడుగుతా. కోలారుకు వెళ్లే నీళ్ల జోలికి రాకూడదని కూడా అదే చట్టంలో రాయించాలి. భారం ఎవరిదంటే, కొనే పరిశ్రమలది. నాగపూర్‌లో కోరాడి థర్మల్ ప్లాంటు ఊరి మురుగునీళ్లే శుద్ధి చేయించుకుని వాడుతోంది, 50 కిలోమీటర్ల లోపు ఎస్టీపీ ఉంటే థర్మల్ ప్లాంట్లు ఆ నీళ్లే వాడాలని 2016 కేంద్ర విద్యుత్ టారిఫ్ విధానమే చెప్పింది. మన దగ్గర కూడా ఫ్యాక్టరీలకు, కాంక్రీటు కలిపేవాళ్లకు ముందు ఈ నీళ్లే కొనాలని షరతు పెడితే తగ్గింపుకి డబ్బు అక్కడి నుంచే వస్తుంది. మీటరు మాట ఈ ఆదివారం మా అసోసియేషన్ మీటింగులో ఎత్తుతున్నా. బ్లోయర్ గారూ, ఎలాంటి మీటరు బురదకు పట్టేయకుండా ఉంటుందో చెప్పండి.